నాలుగు పోర్టుల డివైస్ సర్వర్: కాటా, స్లిప్ ప్రింటర్, ఎనర్జీ మీటర్లు, స్విచ్ కన్సోల్ – ఏ పోర్టుకు ఏ రకం పెట్టాలి?

కాటా_గది
అందరికీ నమస్కారమండీ. రైస్ మిల్లు కాటా గదిలో మోక్సా ఎన్‌పోర్ట్ 6450 ఉంది, సీరియల్ వైర్లతో పనిచేసే వస్తువులను నెట్‌వర్క్‌కు కలిపే డివైస్ సర్వర్ పెట్టె. నాలుగు పోర్టులకు నాలుగు రకాల వస్తువులు తగిలించి ఉన్నాయి.

పోర్ట్ 1: వేబ్రిడ్జి (లారీ కాటా) తూకం చూపే ఇండికేటర్. ఆర్ఎస్-232, మూడు వైర్లే. తూకం ఆగకుండా పంపుతూనే ఉంటుంది.
పోర్ట్ 2: తూకం స్లిప్‌లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, సీరియల్ మోడల్.
పోర్ట్ 3: ఆర్ఎస్-485 లైన్ (చాలా పరికరాలు పంచుకునే సీరియల్ వైరు) మీద ఆరు ఎనర్జీ మీటర్లు, మోడ్‌బస్ ఆర్‌టీయూ (మీటర్లను అడిగి రీడింగులు తెచ్చే సీరియల్ భాష).
పోర్ట్ 4: సిస్కో స్విచ్ కన్సోల్, అంటే నెట్‌వర్క్ స్విచ్ సెట్టింగులు మార్చే పోర్టు.

పెట్టినవాళ్లు 1, 2, 3 పోర్టులకు రియల్ కామ్ (ఆ పోర్టును పీసీలో కామ్ పోర్టుగా చూపించే రకం) ఇచ్చారు, 4కు టెర్మినల్ ఇచ్చారు. మూడిటికీ 9600, 8, నన్, 1 (వరుసగా బాడ్ రేటు అనే వేగం, డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్లు). ఇప్పుడు పరిస్థితి ఇదీ: తూకంలో కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని చెత్తగా వస్తున్నాయి. స్లిప్ సగం కొట్టి మధ్యలో లైన్లు మింగేస్తోంది. మీటర్లు అసలు పలకడం లేదు. పోర్ట్ 4 లైట్లు రాత్రీ పగలూ ఆరకుండా వెలుగుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆర్ఎస్232_రావు
నాలుగోదాంతో మొదలుపెట్టండి, అది పూర్తిగా తలకిందులుగా ఉంది. ఎన్‌పోర్ట్ 6000 సిరీస్‌లో ప్రతి పోర్టుకూ ముందు అప్లికేషన్, తర్వాత దాని కింద మోడ్ ఎంచుకోవాలి. అప్లికేషన్ లిస్టులో ఉండేవి డివైస్ కంట్రోల్, సాకెట్, పెయిర్ కనెక్షన్, ఈథర్‌నెట్ మోడెమ్, టెర్మినల్, రివర్స్ టెర్మినల్, ప్రింటర్, డయల్ ఇన్/అవుట్, డిసేబుల్.

టెర్మినల్ అంటే ఆ పోర్టుకు కీబోర్డూ తెరా ఉన్న పాత డంబ్ టెర్మినల్ తగిలించాం, దాని ముందు మనిషి కూర్చుని నెట్‌వర్క్‌లోని సర్వర్‌లోకి లాగిన్ అవుతాడు అని అర్థం. అందుకే డివైస్ సర్వర్ తనే ఆ వైరు మీదకు ప్రాంప్ట్ పంపుతుంది. అవతల ఉన్నది మనిషి కాదు, స్విచ్. దానికి ఆ అక్షరాలు ఎవరో టైప్ చేసిన కమాండ్‌లా కనిపిస్తాయి. తప్పు కమాండ్ అని జవాబిస్తుంది. ఆ జవాబును డివైస్ సర్వర్ యూజర్‌నేమ్ అనుకుని మళ్లీ అడుగుతుంది. మీ లైట్లు ఆరకపోవడానికి కారణం ఈ వాదులాటే. రెండు వైపులా లాగిన్ ఫెయిల్ లాగ్‌లు కూడా నిండిపోయి ఉంటాయి, చూడండి.

మీకు కావలసింది దానికి ఎదురుది: రివర్స్ టెర్మినల్. నెట్‌వర్క్ వైపు నుంచి మనిషి వస్తాడు, సీరియల్ వైపున డివైస్ కాచుకుని ఉంటుంది. మోడ్‌లో టెల్నెట్, ఎస్ఎస్‌హెచ్ రెండూ ఉంటాయి (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతులు, రెండోది గుప్తంగా పంపుతుంది). ఎస్ఎస్‌హెచ్ పెట్టండి. 9600, 8, నన్, 1, ఫ్లో కంట్రోల్ (అవతలివాళ్లు ఆగమంటే ఆగే ఏర్పాటు) నన్. కేబుల్ విషయంలో కంగారొద్దు: ఎన్‌పోర్ట్ డీబీ9 మేల్ పిన్నులు పీసీ కామ్ పోర్టువే, స్విచ్‌తో వచ్చిన నీలం రంగు కన్సోల్ కేబుల్ నేరుగా సరిపోతుంది.

గోదారి_నెట్
రావు గారి మాటకు చిన్న చేర్పు. కన్సోల్‌కు సాకెట్ కింద టీసీపీ సర్వర్ (పీసీ ఐపీ అడ్రస్‌తో నేరుగా కనెక్ట్ అయ్యే మోడ్) పెట్టి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో రా (బైట్లు ఉన్నవి ఉన్నట్టే పోయే) కనెక్షన్‌తో వాడేవాళ్లూ ఉన్నారు. అక్షరాలు వస్తాయి, పోతాయి, బాగానే ఉంటుంది. కానీ బ్రేక్ సిగ్నల్ పంపలేరు. బ్రేక్ అంటే అక్షరం కాదు, లైన్‌ను కాసేపు కిందకు పట్టి ఉంచడం. రా టీసీపీలో దాన్ని చెప్పే దారే లేదు, టెల్నెట్‌లో దానికి ప్రత్యేక కోడు ఉంది. సిస్కో రౌటర్ పాస్‌వర్డ్ రికవరీకి బూట్ అయ్యేటప్పుడు బ్రేక్ కావాలి. మీ క్యాటలిస్ట్ స్విచ్‌కైతే ముందున్న మోడ్ బటన్‌తో పని అవుతుంది గనక అంత ఇబ్బంది లేదు.

ఇంకోటి, టెల్నెట్‌కు పెట్టిన పోర్టును రా సాఫ్ట్‌వేర్‌తో తెరవకండి. మొదట్లోనే ఎఫ్ఎఫ్ ఎఫ్‌బీ 01 లాంటి బైట్లు కనిపిస్తాయి. అవి డివైస్ పంపినవి కావు, టెల్నెట్ బేరసారాలు.

కాటా_గది
పోర్ట్ 4 మార్చాను, లైట్లు ఆగాయి. థాంక్సండీ. ఇక తూకం. 5360 కిలోలుంటే సరిగ్గా వస్తోంది, 12480 ఉంటే ఒక్క 0 తప్ప అంతా చెత్త. వైరు లూజా?

ఆర్ఎస్232_రావు
వైరు కాదు, పారిటీ, అంటే తప్పులు పట్టడానికి అక్షరం చివర కలిపే బిట్. ఈవెన్ అంటే 1ల మొత్తం సరి సంఖ్య అయ్యేలా దాన్ని పెట్టడం. మీ ఉదాహరణలోనే జవాబుంది. ఇండికేటర్ 7 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్‌లో పంపుతోంది. మీరు 8, నన్, 1లో చదువుతున్నారు. రెండింట్లోనూ అక్షరానికి మొత్తం బిట్లు 10 కాబట్టి ఫ్రేమింగ్ తప్పదు, పారిటీ బిట్ మాత్రం ఎనిమిదో డేటా బిట్‌గా వచ్చి కూర్చుంటుంది.

0 అంకె ఆస్కీ కోడు హెక్స్‌లో 30, అందులో 1లు రెండు, సరి సంఖ్య. పారిటీ బిట్ 0, అక్షరం చెడదు. 1 అంకె 31, అందులో 1లు మూడు. పారిటీ బిట్ 1 అవుతుంది, మీకు బీ1గా అందుతుంది. ఈ లెక్కన 0, 3, 5, 6, 9 బాగుంటాయి. 1, 2, 4, 7, 8 చెడతాయి. 5360, 12480 దగ్గర పెట్టుకుని చూడండి, అచ్చంగా అదే. కమ్యూనికేషన్ పారామీటర్స్ పేజీలో 7, ఈవెన్, 1 పెట్టండి. బాడ్ రేటే తప్పయితే అన్ని అంకెలూ చెడేవి.

ఇండికేటర్ వైపు సెట్టింగ్ మార్చాలనిపిస్తే యూజర్ మెనూ వరకే వెళ్లండి. క్యాలిబ్రేషన్ జోలికి పోకండి, తూనికల కొలతల శాఖ సీలు ఉన్న పెట్టె అది.

ప్యాకెట్_పంతులు
ఇక్కడ నా అభిప్రాయం వేరు. పారిటీ సరే, కానీ తూకానికి రియల్ కామ్ ఎందుకు? రియల్ కామ్‌లో పీసీలో డ్రైవర్ ఉండాలి, విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఐపీ అడ్రస్ తీసుకునేదైతే సాకెట్ కింద టీసీపీ సర్వర్ పెట్టడమే మేలు.

ఆర్ఎస్232_రావు
సాఫ్ట్‌వేర్ తీసుకునేదైతే అన్నారు, అదే కదా చిక్కు. మన దగ్గర వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్లు చాలావరకు కామ్ పోర్ట్ తప్ప ఇంకోటి ఎరగవు. అలాంటి వాటికి డివైస్ కంట్రోల్, రియల్ కామ్ తప్పదు. కామ్ నంబరు 1 నుంచి 9 లోపే ఇవ్వండి. 10, ఆపై నంబర్లు తెరవాలంటే ప్రోగ్రామ్‌లో పేరు ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, చుక్క, ఇంకో బ్యాక్‌స్లాష్ రాసి ఉండాలి. పాత ప్రోగ్రామ్‌లలో అది ఉండదు, పోర్ట్ దొరకలేదంటాయి.

రియల్ కామ్‌లో ఇంకో విషయం. మ్యాక్స్ కనెక్షన్ (ఒకేసారి కలిసే పీసీల సంఖ్య) 1గా ఉన్నంతకాలం బాడ్ రేటు, పారిటీ పీసీలోని సాఫ్ట్‌వేర్ అడిగినట్టే మారతాయి. అంటే వెబ్ పేజీలో 7, ఈవెన్ పెట్టినా సాఫ్ట్‌వేర్‌లో 8, నన్ ఉంటే సాఫ్ట్‌వేర్‌దే చెల్లుతుంది. రెండు చోట్లా మార్చండి. మ్యాక్స్ కనెక్షన్ 2 లేదా ఎక్కువ చేస్తే కథ తిరగబడుతుంది: వెబ్ పేజీలో పెట్టిందే చెల్లుతుంది, అలో డ్రైవర్ కంట్రోల్ ఎనేబుల్ చేస్తే తప్ప.

కాటా_గది
పారిటీ రెండు చోట్లా మార్చాక అంకెలు శుభ్రంగా వస్తున్నాయి! మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లో కూడా తూకం కనబడాలట. అక్కడి సాఫ్ట్‌వేర్ ఐపీ తీసుకుంటుంది. రెండూ కలిసి కుదురుతాయా? అప్పుడప్పుడు పాత లారీ తూకం చూపిస్తోందని ఇంకో ఫిర్యాదు.

ప్యాకెట్_పంతులు
ఒక పోర్టుకు ఒకే మోడ్. కాబట్టి ఒక పీసీ రియల్ కామ్, ఒక పీసీ టీసీపీ అని నేరుగా కుదరదు. పోర్ట్ 1ను టీసీపీ సర్వర్ చేసి మ్యాక్స్ కనెక్షన్ 2 ఇవ్వండి. కాటా పీసీలో టీసీపీని కామ్‌గా చూపించే వర్చువల్ పోర్ట్ ప్రోగ్రామ్ పెట్టండి. లేదా రెండు పీసీల్లోనూ రియల్ కామ్ డ్రైవర్ వేయండి. ఇండికేటర్ తనంతట తాను పంపే రకం, ఎవరూ దాన్ని అడగనక్కర్లేదు, అందుకే ఇద్దరు విన్నా గొడవ లేదు. మీటర్ల పోర్టుకు మాత్రం ఈ పని చేయకండి. అక్కడ ఇద్దరు అడిగితే జవాబులు కలగాపులగం అవుతాయి.

పాత లారీ తూకం సంగతి కొంచెం వివరంగా చెబుతాను, డబ్బుతో ముడిపడ్డది కాబట్టి. మీ ఇండికేటర్ పంపేది టొలెడో కంటిన్యువస్ ఫార్మాట్ అయితే ఒక్కో ఫ్రేమ్ (ఒక తూకం సందేశం) ఇలా ఉంటుంది: 02 అనే ఎస్‌టీఎక్స్ (మొదలు గుర్తు) బైటు, మూడు స్టేటస్ బైట్లు, ఆరు తూకం అంకెలు, ఆరు టేర్ (తీసేసే ఖాళీ బరువు) అంకెలు, చివర 0డి (క్యారేజ్ రిటర్న్). మొత్తం 17. చెక్‌సమ్ (తప్పులు పట్టే బైటు) ఆన్ చేసి ఉంటే 18. 9600 బాడ్‌లో సెకనుకు 960 బైట్ల దాకా పడతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు బటన్ నొక్కినప్పుడే పోర్టు చదువుతాయి, అదీ ముందునుంచి ఒక్క ఫ్రేమ్. మిగతాదంతా బఫర్‌లో పేరుకుంటుంది. 2400 బాడ్ లైన్ అయితే సెకనుకు 240 బైట్లే, 64 కిలోబైట్ల బఫర్ నిండడానికి 273 సెకన్లు. అంటే అలాంటి లైన్‌లో చూసే తూకం నాలుగున్నర నిమిషాల కిందటిది కావచ్చు. ఆలోపు ఒక లారీ దిగి ఇంకోటి ఎక్కి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు చెప్పాల్సింది: చదివే ముందు బఫర్ మొత్తం ఖాళీ చేసి, ఆ తర్వాత వచ్చే మొదటి పూర్తి ఫ్రేమ్ తీసుకోవాలి, స్టేటస్ బైట్లలో కదలిక బిట్ చూసి నిలకడగా ఉంటేనే సేవ్ చేయాలి. డివైస్ సర్వర్‌లో మీరు చేయాల్సింది: పోర్ట్ 1కు పోర్ట్ బఫరింగ్ ఆపేయండి. నెట్‌వర్క్ పోయినప్పుడు డేటా దాచిపెట్టి, తిరిగి వచ్చాక కుమ్మరించడం దాని పని. కన్సోల్ లాగ్‌కు అది వరం, కాటాకు అస్సలు పనికిరాదు.

డీబీ9
ఫ్రేములు ముక్కలుగా అందుతుంటే డేటా ప్యాకింగ్ (బైట్లను ఎక్కడ ప్యాకెట్‌గా కట్టాలో చెప్పే సెట్టింగు) చూడండి. డెలిమిటర్ 1 (ముగింపు గుర్తు) దగ్గర 0డి ఇచ్చి ఎనేబుల్ చేయండి. చెక్‌సమ్ లేకపోతే డెలిమిటర్ ప్రాసెస్ డూ నథింగ్. చెక్‌సమ్ ఉంటే డెలిమిటర్ ప్లస్ 1 పెట్టాలి, ఎందుకంటే చెక్‌సమ్ 0డి తర్వాత వస్తుంది. డూ నథింగ్‌లో వదిలేస్తే ఆ చెక్‌సమ్ బైటు తర్వాతి ఫ్రేమ్ నెత్తిన ఎక్కుతుంది. స్ట్రిప్ డెలిమిటర్ మాత్రం వద్దు, సాఫ్ట్‌వేర్ 0డి కోసమే ఎదురుచూస్తుంటుంది.

కాటా_గది
చెక్‌సమ్ ఉంది, ప్లస్ 1 పెట్టాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకు బఫర్ సంగతి చెప్పాను. ఇప్పుడు ప్రింటర్. చిన్న స్లిప్ బాగానే వస్తోంది. రోజువారీ లిస్టు కొడితే మొదటి పేజీ సగం తర్వాత లైన్లు మాయం.

డీబీ9
ఇది ఫ్లో కంట్రోల్ లేకపోవడం. 9600లో డేటా సెకనుకు 960 బైట్లు వెళ్తుంది, డాట్ మ్యాట్రిక్స్ అంత వేగంగా కొట్టలేదు. దాని బఫర్ నిండాక ఆగు అని చెప్పినా వినేవాళ్లు లేరు. చిన్న స్లిప్ బఫర్‌లో పట్టేస్తుంది కాబట్టి బయటపడలేదు.

చాలా సీరియల్ ప్రింటర్లు బిజీ సంగతి డీటీఆర్ (నేను సిద్ధం అనే సంకేతం) పిన్నుతో చెబుతాయి. డీబీ25 కనెక్టర్‌లో అది 20వ పిన్ను. కేబుల్ ఇలా కట్టండి: ఎన్‌పోర్ట్ డీబీ9లో 3 నుంచి ప్రింటర్ 3కు, అది డేటా. 5 నుంచి 7కు గ్రౌండ్. ప్రింటర్ 20 నుంచి డీబీ9 8వ పిన్నుకు, అంటే సీటీఎస్‌కు (పంపొచ్చు అన్న సంకేతం అందే పిన్ను). పోర్ట్ 2లో ఫ్లో కంట్రోల్ ఆర్‌టీఎస్/సీటీఎస్. ప్రింటర్ 20ని 6వ పిన్నుకు కట్టారనుకోండి, అప్పుడు డీటీఆర్/డీఎస్ఆర్ ఎంచుకోవాలి. కట్టిన వైరూ ఎంచుకున్న సెట్టింగూ ఒకటి కాకపోతే రెండే ఫలితాలు: అసలు ప్రింటవదు, లేదా ఇప్పటిలాగే మింగేస్తుంది. మూడు వైర్ల కేబులే ఉంటే ప్రింటర్ 2ను డీబీ9 2కు కట్టి, రెండు వైపులా ఎక్సాన్/ఎక్సాఫ్ (సాగు, ఆగు అని 11, 13 కోడ్లతో చెప్పడం) పెట్టొచ్చు. గ్రాఫిక్స్ కొట్టేవాళ్లకు అది సరిపోకపోవచ్చు, బొమ్మ డేటాలోనూ ఆ కోడ్లే రావచ్చు.

గోదారి_నెట్
రకం కూడా మార్చండి: అప్లికేషన్ ప్రింటర్, మోడ్ రా పీఆర్ఎన్. రియల్ కామ్‌లో పోర్టును ఒక పీసీ పట్టుకుంటే రెండోది కొట్టలేదు. ప్రింటర్ రకంలో ఒకరి పని అయ్యాక కనెక్షన్ వదిలేస్తుంది, తర్వాతివాళ్లది మొదలవుతుంది. విండోస్‌లో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ కలిపి, ప్రోటోకాల్ రా, పోర్ట్ నంబరు మోక్సా పేజీలో కనిపించేదే ఇవ్వండి. అక్కడే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అన్న టిక్ తప్పకుండా తీసేయండి. ప్రింటర్ స్థితి ఎస్ఎన్ఎంపీలో అడిగితే డివైస్ సర్వర్ దగ్గర జవాబు ఉండదు, విండోస్ ఆఫ్‌లైన్ అని తేల్చేసి క్యూ ఆపేస్తుంది. రా బదులు ఎల్‌పీడీ అనే ప్రింట్ పద్ధతి వాడితే పోర్ట్ 515.

రాలో అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే పోతాయి. ప్రోగ్రామ్ లైన్ ఫీడ్ మాత్రమే పంపి, క్యారేజ్ రిటర్న్ పంపకపోతే లైన్లు మెట్లు మెట్లుగా పక్కకు జరుగుతాయి. ప్రోగ్రామ్‌లోనే సరిచేయడం మేలు.

కాటా_గది
కేబుల్ కట్టించాను, నాలుగు పేజీల లిస్టు కొట్టింది, ఒక్క లైనూ పోలేదు. చివరిది మీటర్లు. సాఫ్ట్‌వేర్‌లో మోడ్‌బస్ టీసీపీ (నెట్‌వర్క్ మీద నడిచే మోడ్‌బస్) ఎంచుకుని, ఐపీ, పోర్ట్ నంబరు 502 ఇచ్చాం. పోర్ట్ 3ను టీసీపీ సర్వర్ చేసి అక్కడా 502 పెట్టాం. కనెక్ట్ అవుతోంది, కానీ అన్నీ టైమ్‌అవుట్.

మోడ్‌బస్_మామ
వచ్చాను. కనెక్ట్ అవడం ఖాయం, పలకకపోవడమూ ఖాయం. ఎన్‌పోర్ట్ బైట్లు మోసే కూలీ, మోడ్‌బస్ తెలియదు. మోడ్‌బస్ టీసీపీని ఆర్‌టీయూగా మార్చడం గేట్‌వే పని, దానికి మోక్సాలోనే ఎంగేట్ అని వేరే వరస ఉంది.

జరుగుతున్నది ఇదీ. పది రిజిస్టర్లు (మీటర్ లోపల విలువలుండే గళ్లు) చదివే అభ్యర్థన మోడ్‌బస్ టీసీపీలో 12 బైట్లు: ముందు 00 01 00 00 00 06, ఆ తర్వాత మీటర్ నంబరు, 03, అడ్రస్, సంఖ్య. సీఆర్‌సీ (చివర తప్పులు పట్టే రెండు బైట్లు) ఉండదు. ఆర్‌టీయూలో అదే 8 బైట్లు: మీటర్ నంబరుతో మొదలై సీఆర్‌సీతో ముగుస్తుంది. మీటరుకు మొదటి బైటు 00గా కనిపిస్తుంది, అది దాని నంబరు కాదు, చివర సీఆర్‌సీ కలవదు. మీటరు మౌనంగా ఉండిపోతుంది, ఉండాల్సిందీ అలాగే.

మీకు రెండు దారులు. సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌టీయూ ఓవర్ టీసీపీ (ఆర్‌టీయూ బైట్లనే నెట్‌వర్క్ మీద పంపడం) అన్న ఐచ్ఛికం ఉంటే టీసీపీ సర్వర్ అలాగే ఉంచండి. లేకపోతే పోర్ట్ 3ను డివైస్ కంట్రోల్, రియల్ కామ్ చేసి సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ ఆర్‌టీయూ ఎంచుకోండి. రెండింటిలో ఏదైనా ముందు ఇంటర్‌ఫేస్ దగ్గర ఆర్ఎస్-485 2 వైర్ పెట్టారో లేదో చూడండి. ఆర్ఎస్-232లో వదిలేసి రోజంతా వైర్లు పట్టుకు వేలాడేవాళ్లున్నారు. డీబీ9లో 3వ పిన్ను డేటా ప్లస్, 4 డేటా మైనస్, 5 గ్రౌండ్. మీటర్ల మీద ఎ, బి అక్షరాలు కంపెనీకో రకంగా ఉంటాయి, పలకకపోతే తిప్పి చూడండి, ఏదీ కాలదు.

పారిటీ ఆరు మీటర్లకూ ఒకటే ఉండాలి. మోడ్‌బస్ ప్రమాణంలో మామూలుగా ఈవెన్, కానీ చాలా మీటర్లు నన్‌తో వస్తాయి. మీటర్ డిస్‌ప్లేలో చూసి ఇవ్వండి, ఊహించవద్దు. టైమ్‌అవుట్ 1000 మిల్లీసెకన్లు. 9600, 8, ఈవెన్, 1లో పది రిజిస్టర్ల జవాబు 25 బైట్లు, లైన్ మీద 29 మిల్లీసెకన్లే. మిగతాదంతా మీటర్ ఆలోచనకూ నెట్‌వర్క్‌కూ.

జవాబు రెండు ప్యాకెట్లుగా చీలి సీఆర్‌సీ ఎర్రర్లు వస్తే ఫోర్స్ ట్రాన్స్‌మిట్ (ప్యాకెట్ పంపే ముందు ఆగే సమయం) 10 మిల్లీసెకన్లు ఇవ్వండి. ఈ వేగంలో మూడున్నర అక్షరాల విరామం 4 మిల్లీసెకన్లు, దానికంటే ఎక్కువే ఉండాలి.

ఆర్ఎస్232_రావు
మామా, లైన్ చివర పెట్టే టెర్మినేటర్ రెసిస్టర్ సంగతి? 120 ఓమ్‌లు రెండు చివరలా పెట్టాలి కదా.

మోడ్‌బస్_మామ
రూలు అదే రావూ, కానీ ఇక్కడ తొందరపడితే చెడుతుంది. రెండు చివరలా 120 అంటే లైన్ మీద 60 ఓమ్‌లు. ఎన్‌పోర్ట్‌లో ఖాళీ లైన్‌ను నిలకడగా పట్టి ఉంచే పుల్ హై, పుల్ లో రెసిస్టర్లు 150 కిలో ఓమ్‌లు లేదా 1 కిలో ఓమ్. 150లో ఉంటే ఆ 60 ఓమ్‌ల మీద వోల్టేజీ లేనట్టే. 1కి మార్చినా 5 వోల్టుల దగ్గర లెక్క వేస్తే 146 మిల్లీవోల్టులు, రిసీవర్‌కు కావలసిన 200 రావు. ఎవరూ మాట్లాడనప్పుడు లైన్ గాల్లో తేలి, జవాబు ముందు ఉత్తుత్తి బైటు పుడుతుంది. మిల్లు లోపల 40, 50 మీటర్ల లైనుకు 9600లో టెర్మినేటర్ లేకుండానే నడుస్తుంది. రెసిస్టర్ 1కి పెట్టి, టెర్మినేటర్ ఆపి ఉంచండి. లైన్ వందల మీటర్లయితే అప్పుడు వేరే మాట.

కాటా_గది
రియల్ కామ్ చేసి ఇంటర్‌ఫేస్ చూస్తే 232లోనే ఉందండీ! 485 2 వైర్ చేశాక ఐదు మీటర్లు పలికాయి. ఆరోది మాత్రం రావడం లేదు. ఇంకోటి, కాటా పీసీ కరెంటు పోయి మళ్లీ వచ్చాక కొద్ది నిమిషాలు పోర్ట్ తెరుచుకోవడం లేదు.

మోడ్‌బస్_మామ
ఆరోదాని నంబరు ఇంకోదానితో కలిసిందేమో చూడండి. కొత్త మీటర్లన్నీ 1తోనే వస్తాయి. రెండు ఒకే నంబరుతో ఉంటే ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చి రెండూ చెడతాయి, లేదా దగ్గరిది గెలుస్తుంది. మిగతా వాటిని విప్పి దాన్నొక్కదాన్నే అడగండి.

ప్యాకెట్_పంతులు
పోర్ట్ తెరుచుకోకపోవడం టీసీపీ అలైవ్ చెక్ టైమ్. పీసీ చెప్పాపెట్టకుండా ఆరిపోయింది, డివైస్ సర్వర్ మాత్రం పాత కనెక్షన్ బతికే ఉందనుకుంటోంది. ముందుగా ఉండే విలువ 7 నిమిషాలు, 1 చేయండి. 0 పెట్టకండి, అప్పుడు ఎప్పటికీ వదలదు. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే రియల్ కామ్‌కు పోర్ట్ 1 కోసం టీసీపీ 950, 966, పోర్ట్ 3 కోసం 952, 968 తెరవాలి.

గోదారి_నెట్
ఇవన్నీ అయ్యాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వాడని టెల్నెట్, హెచ్‌టీటీపీ సర్వీసులు ఆపండి, రౌటర్‌లో దీనికి పోర్ట్ ఫార్వర్డింగ్ ఇచ్చి ఉంటే తీసేయండి. బయట నుంచి చూడాలంటే వీపీఎన్. చిన్న పెట్టె కదా అనుకోవద్దు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి చేసి సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు తీసినవాళ్లు, సబ్‌స్టేషన్లలోని సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్ కూడా చెడగొట్టారు. ఆపరేటర్లు దూరం నుంచి బ్రేకర్లు వేయలేక మనుషుల్ని పంపించి వేయించాల్సి వచ్చింది.

సీరియల్_శీను
మా దగ్గర డిజి పోర్ట్‌సర్వర్ టీఎస్ ఉంది. ఈ పేర్లేవీ కనపడటం లేదు. ఎలా పోల్చుకోవాలి?

ఆర్ఎస్232_రావు
శీనూ, దాంట్లో పోర్ట్ ప్రొఫైల్ అంటారు. రియల్ కామ్ బదులు రియల్‌పోర్ట్, టీసీపీ 771 మీద నడుస్తుంది. రివర్స్ టెర్మినల్ బదులు కన్సోల్ మేనేజ్‌మెంట్. సాకెట్‌కు టీసీపీ సాకెట్స్. ప్రింటర్, టెర్మినల్, మోడెమ్ అవే పేర్లతో ఉంటాయి. నంబర్లు గుర్తుపెట్టుకోవడం తేలిక: టెల్నెట్‌కు 2000 ప్లస్ పోర్ట్ నంబరు, రాకు 2100 ప్లస్, ఎస్ఎస్‌హెచ్‌కు 2500 ప్లస్. నాలుగో పోర్టులో కన్సోల్ ఉంటే ఎస్ఎస్‌హెచ్ 2504. ప్రొఫైల్ మార్చాక పారిటీ, ఫ్లో కంట్రోల్ ఇంకోసారి చూడండి, కొత్త ప్రొఫైల్‌తో పాటు వాటి విలువలు కూడా మారి ఉండొచ్చు.

కాటా_గది
ఆరో మీటర్ నంబరు 1గానే ఉందండీ, మొదటిదానితో కలిసింది. 6 చేశాను, వచ్చేసింది. ఆరిటి రీడింగులూ వస్తున్నాయి. సెట్టింగులన్నీ ఎక్కడైనా దాచి పెట్టొచ్చా?

డీబీ9
మెయింటెనెన్స్‌లో కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, ఫైలు తీసి పీసీలోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచండి. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఐపీతో సహా వెనక్కి వస్తుందని గుర్తుంచుకోండి. అదే ఫైలు రెండో పెట్టెలో ఎక్కిస్తే నెట్‌వర్క్‌లో ఒకే ఐపీతో ఇద్దరవుతారు. ప్రింటర్ కేబుల్ పిన్నుల కాగితం మాత్రం పెట్టె మూత లోపల అంటించండి, అది ఏ ఎక్స్‌పోర్ట్‌లోనూ రాదు.